సంఘంలో జాతివివక్ష గురించి మాట్లాడాలా? బల్ల గురించి, నిరీక్షణ గురించి నా సమాధానం

బ్రదర్, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తర్వాత ఇది చూసేవాళ్లకు కూడా అర్థం కావాలి కాబట్టి మీరు రాసింది ముందు క్లుప్తంగా చెప్తాను. అమెరికాలో మీరు వెళ్లే సంఘంలో, అంటే చర్చిలో, ఎక్కువమంది తెల్లవాళ్లు, కొందరు మనవాళ్లు, రెండు మూడు నల్లజాతి కుటుంబాలు ఉన్నాయి. ఒక ఆదివారం ప్రార్థన మనవులు చెప్పే సమయంలో ఒక నల్లజాతి సహోదరుడు లేచి, తన కొడుకును పోలీసులు రోడ్డు మీద ఆపి, బేడీలు వేసి, గంటసేపు కూర్చోబెట్టి, ఏ తప్పూ లేదని తేలాక వదిలేశారని, అప్పటి నుంచి పిల్లాడికి నిద్ర పట్టడం లేదని చెప్పారు. ఎవరూ నోరెత్తలేదు. పాస్టర్ గారు "దేవుడు ఆదరించును గాక" అని తర్వాతి మనవికి వెళ్లిపోయారు. మీరు తర్వాత వెళ్లి అడిగితే, రాజకీయాలు పుల్పిట్ (ప్రసంగ వేదిక) మీదికి తేకూడదనీ, సువార్త ప్రకటిస్తే హృదయాలు మారతాయనీ, హృదయాలు మారితే సమాజం దానంతట అదే మారుతుందనీ అన్నారు. ఆ సహోదరుడు మూడు వారాలుగా ఆరాధనకు రావడం లేదు. మీరు అడిగినవి ముఖ్యంగా రెండు. జాతివివక్షను ఎదిరించమని వాక్యం నిజంగా చెబుతోందా, లేక బయటి గొడవను మనమే లోపలికి తెస్తున్నామా? వందల ఏళ్లుగా సాగుతున్నది పోతుందని నిరీక్షణ ఎలా పెట్టుకోవాలి?

నేను పాస్టర్‌ను కాదు. ఇరవై ఏళ్లకు పైగా బైబిల్ స్టడీ నడిపించాను, అందులో పదకొండేళ్లు ఇదే దేశంలో ఒక నల్లజాతి సంఘంలో సభ్యుడిగా ఉన్నాను. మీ మొదటి ప్రశ్నకు నా జవాబు, అవును, చెబుతోంది, చాలా గట్టిగా చెబుతోంది. గలతీయులకు పౌలు రాసిన పత్రిక రెండో అధ్యాయం తీయండి.

అంతియొకయ సంఘంలో యూదులు, అన్యజనులు (యూదులు కానివాళ్లు) కలిసి భోజనం చేసేవాళ్లు, యూదుల ఆచారం దానికి ఒప్పుకోకపోయినా. పేతురు కూడా వాళ్లతో కూర్చుని తిన్నాడు. యెరూషలేములో యాకోబు దగ్గర నుంచి కొంతమంది రాగానే భయపడి మెల్లగా వెనక్కి తగ్గి వేరే కూర్చున్నాడు. ఆయన్ను చూసి మిగతా యూదులు లేచారు, చివరికి బర్నబా కూడా లేచాడు. ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. పేతురు ఉపదేశంలో తప్పు లేదు. దేవుడు పక్షపాతి కాడని కొర్నేలీ అనే అన్యజనుడి ఇంట్లో స్వయంగా చెప్పిన మనిషి ఆయన. అంతియొకయలో ఎవరినీ తిట్టలేదు, ఎవరినీ గెంటేయలేదు, అన్యజనులకు రక్షణ లేదని ప్రసంగించలేదు. కూర్చునే చోటు మార్చుకున్నాడు, అంతే. పౌలు ఆయన్ను పక్కకు పిలిచి మెల్లగా చెప్పలేదు, అందరి ఎదుటే అడిగాడు. "ముఖాముఖిగా ఎదిరించితిని" అని ఆయనే రాసుకున్నాడు. వాళ్లు "సువార్త సత్యము చొప్పున" నడవడం లేదన్నాడు. మర్యాద చొప్పున అనలేదు, సమాజ ఐక్యత చొప్పున అనలేదు. ఎవరు ఎవరితో కూర్చుని తింటారు అనే విషయాన్ని పౌలు సువార్త విషయంగా చూశాడు. కాబట్టి సువార్త ఒక పక్క, జాతి సమస్య ఇంకో పక్క అని మీ పాస్టర్ గారు గీసిన గీత పౌలుకు తెలియదు.

ఇది ఒక్కచోటే ఉందనుకోకండి. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయంలో గ్రీకు మాట్లాడే విధవరాళ్లకు రోజువారీ పంపకంలో అన్యాయం జరుగుతోందని సణుగు పుడితే, అపొస్తలులు "ప్రార్థన చేద్దాం, సర్దుకుపోండి" అనలేదు. ఏడుగురిని ఏర్పరచి పంపకం వాళ్ల చేతికిచ్చారు, ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. అన్యాయం ఎవరికి జరిగిందో ఆ వైపు వాళ్లకే అధికారం ఇచ్చినట్టు నాకు కనిపిస్తుంది. సంఖ్యాకాండము పన్నెండులో మోషే ఆఫ్రికాలోని కూషు దేశపు స్త్రీని పెళ్లి చేసుకున్నాడని అతని అక్క మిర్యాము, అన్న అహరోను అతనికి విరోధంగా మాట్లాడితే దేవుడు ఏం చేశాడో మీకు తెలుసు, మిర్యాముకు కుష్ఠు వచ్చింది. ఇక ఆమోసు ప్రవక్త అయితే పండుగలు, పాటలు, బలులు అన్నీ దేవునికి అసహ్యం అంటూ చెప్పుకొచ్చి, "నీళ్లు పారినట్లుగా న్యాయము జరుగనియ్యుడి" అంటాడు. ఆ మాటలు విన్నది దేవుణ్ణి ఎరగని జనం కాదు, క్రమం తప్పకుండా ఆరాధనకు వెళ్లే జనం.

ఇప్పుడు చరిత్రలోకి రండి. నాకు తెలిసిన ఉదాహరణల్లో నన్ను ఎక్కువగా భయపెట్టేది దక్షిణాఫ్రికాది. 1857లో అక్కడి డచ్ రిఫార్మ్‌డ్ చర్చి సినడ్ (చర్చి పెద్దల సభ) ముందుకు ఒక విషయం వచ్చింది. కొందరు తెల్ల సభ్యులు తెల్లవాళ్లు కాని విశ్వాసులతో కలిసి ప్రభువు బల్లలో (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధనలో) పాలుపొందడానికి ఇష్టపడటం లేదు. సినడ్ ఏమందంటే, కొత్తగా నమ్మినవాళ్లను ఉన్న సంఘాల్లోనే చేర్చుకోవడం మంచిది, అదే లేఖనానుసారం, కానీ "కొందరి బలహీనత వల్ల" ఎక్కడైనా అది పనికి అడ్డొస్తే వాళ్లు వేరే భవనంలో ఆరాధించుకోవచ్చు. చూశారా, లేఖనం ఏం చెబుతోందో వాళ్లకు తెలుసు. ఒప్పుకున్నారు, రాసుకున్నారు కూడా. అయినా నొచ్చుకునే కొందరి కోసం ఒక సర్దుబాటు చేశారు. 1881 వచ్చేసరికి ఆ సర్దుబాటు మిశ్రమ జాతివాళ్లకు వేరే చర్చిగా మారింది, తర్వాత నల్లవాళ్లకు మరో చర్చి. 1948లో అపార్థైడ్‌ను, అంటే జాతుల్ని వేరుగా ఉంచడాన్ని, ప్రభుత్వ విధానంగా తెచ్చినవాళ్లు చేతిలో బైబిలు పట్టుకున్నవాళ్లే, దేశమంతా వేర్వేరుగా ఉండాలి అన్నప్పుడు చూపించడానికి వాళ్ల ముందు చర్చి నమూనా సిద్ధంగా ఉంది. ఒక బల్ల దగ్గర మొదలైన విషయం, కొందరి బలహీనత అనే మెత్తటి మాటతో మొదలైన విషయం, అంతదాకా పోయింది.

మీ సంఘంలో ఆ ఆదివారం కనిపించిన మౌనం గురించి చదివినప్పుడు నాకు వెంటనే గుర్తొచ్చింది ఆ మాటే, కొందరి బలహీనత. పాస్టర్ గారు చెడ్డవారని నేననను. సంఘంలో కొందరు నొచ్చుకుంటారేమో, వెళ్లిపోతారేమో అని ఆయనకు టెన్షన్ ఉండొచ్చు. కానీ అలా కాపాడాలనుకున్నది ఎవరిని? నొచ్చుకునేవాళ్లు కూర్చునే ఉన్నారు, గాయపడినవాడే బయటికి వెళ్లిపోయాడు.

రాజకీయాలు పుల్పిట్ మీదికి తేకూడదు అనే మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే ఈ విషయం ఎప్పుడో పుల్పిట్ మీదికి వచ్చేసింది, తెచ్చింది నల్లవాళ్లు కాదు. 1667లో వర్జీనియా కాలనీలో ఒక చట్టం చేశారు. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన బానిస స్థితి మారదు అని దాని సారాంశం. ఎందుకు చేయాల్సి వచ్చింది? సాటి క్రైస్తవుణ్ణి బానిసగా ఉంచుకోవచ్చా అనే ప్రశ్న అప్పటికే జనంలో ఉంది కాబట్టి, బాప్తిస్మం ఇస్తే మనిషి చేజారిపోతాడేమోనని యజమానులు భయపడ్డారు కాబట్టి. నీళ్లలో మునిగి లేచినవాడు క్రీస్తులో సహోదరుడు, ఒడ్డుకు వచ్చాక మాత్రం ఆస్తి. 1807లో లండన్‌లో కరీబియన్ దీవుల్లోని బానిసల కోసమని ఒక బైబిలు అచ్చువేశారు, అందులో పాత నిబంధన దాదాపు 90 శాతం లేదు, కొత్త నిబంధన సుమారు సగం లేదు. ఐగుప్తు నుంచి ఇశ్రాయేలీయులు బయటపడిన కథ తీసేశారు. యజమానులకు లోబడండి అన్న వచనాలు ఉంచారు. ఆ ప్రతి ఒకటి ఇప్పటికీ అమెరికాలోని ఫిస్క్ యూనివర్సిటీ దగ్గర ఉంది. నిర్గమకాండం చదివితే మనిషి ఏమవుతాడో ఆ పుస్తకాన్ని కత్తిరించినవాళ్లకు బాగా తెలుసు. సువార్తలో విడుదల లేదు, అది కేవలం ఆత్మకు సంబంధించినదే అని వాళ్లు నిజంగా నమ్మి ఉంటే కత్తెర ఎందుకు?

హాము శాపం గురించి కూడా ఒక మాట, నల్లవాళ్లు నోవహు కొడుకు హాము సంతానమనీ, వాళ్ల బానిసత్వం ఆ శాపమేననీ ఎవరో ఒకరు మీతో అంటారు కాబట్టి. ఆదికాండము తొమ్మిదిలో నోవహు శపించింది హామును కాదు, కనానును. చర్మం రంగు ఊసే ఆ అధ్యాయంలో లేదు. అంతే, దాని మీద ఇంకా సమయం పెట్టక్కర్లేదు.

హృదయాలు మారితే సమాజం మారుతుంది అనే వాదన దగ్గర మాత్రం ఆగాలి, ఎందుకంటే అందులో సగం నిజం ఉంది, నేనూ దాన్ని నమ్ముతాను. మారుమనస్సు లేకుండా ఏదీ నిలబడదు. కానీ హృదయం మారాక మిగతాది దానంతట అదే జరిగిపోతుందా? జార్జ్ విట్‌ఫీల్డ్ పేరు మీరు వినే ఉంటారు, 18వ శతాబ్దపు గొప్ప ఉజ్జీవ ప్రసంగీకుడు, ఆయన మాటలు విని వేలమంది ఏడ్చి ప్రభువు దగ్గరికి వచ్చారు. జార్జియా కాలనీలో బానిసత్వం మీద నిషేధం ఉంటే, దాన్ని ఎత్తేయమని కోరినవాళ్లలో ఆయనా ఒకరు. 1751లో నిషేధం పోయింది, ఆయన పెట్టిన అనాథాశ్రమం పొలాల్లో బానిసలు పనిచేశారు. ఇంకొకరు జాన్ న్యూటన్, కృప గురించి ప్రపంచమంతా పాడే 'అమేజింగ్ గ్రేస్' కీర్తన రాసినాయన. 1748లో సముద్రంలో తుపానులో దేవునికి మొరపెట్టాడు, ఆయన మార్పు అక్కడే మొదలైంది. ఆ తర్వాత కూడా 1754 వరకు బానిసల ఓడకు కెప్టెన్‌గా వెళ్లాడు, మనుషుల్ని కింద గొలుసులతో కట్టి, పైన తన గదిలో బైబిలు చదువుకున్నాడు. ఆ వ్యాపారానికి వ్యతిరేకంగా ఆయన పుస్తకం రాసి తన తప్పు బహిరంగంగా ఒప్పుకున్నది 1788లో. హృదయం 1748లో కదిలింది, నోరు తెరుచుకోవడానికి 40 ఏళ్లు పట్టింది. ఆ ఒప్పుకోలుకు నేను ఆయన్ను గౌరవిస్తాను, చివరి రోజుల్లో ఆయన సాక్ష్యం ఆ వ్యాపారాన్ని రద్దు చేయించడానికి ఎంతో ఉపయోగపడింది. కానీ మధ్యలో ఆ 40 ఏళ్లు ఉన్నాయి కదా, వాటిలో ఎన్ని ఓడలు దాటాయో ఆలోచించండి. మారిన హృదయానికి కూడా ఎవరో ఒకరు ఎదురుగా నిలబడి చూపించాలి. పేతురుకు పౌలు అవసరమైనట్టే. అన్యాయంగా పన్నులు వసూలు చేసిన జక్కయ్య కూడా యేసు ఇంటికి వచ్చాడని సంతోషపడి ఊరుకోలేదు, తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు, ఆ మాట తర్వాతే ప్రభువు "నేడు ఈ యింటికి రక్షణ వచ్చియున్నది" అన్నాడు.

ఇక నా సంగతి, ఇది చెప్పకపోతే నిజాయితీగా ఉండదు. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో ఒక పెద్ద సంఘానికి వెళ్లేవాణ్ణి, దాదాపు అందరూ తెల్లవాళ్లు, మమ్మల్ని ఎంతో ప్రేమగా చేర్చుకున్నారు. ఒక గురువారం బైబిల్ స్టడీలో ఒకాయన, ఊళ్లో నల్లవాళ్లు ఉండే ప్రాంతం గురించి, అక్కడి మనుషుల గురించి ఒక మాటన్నాడు, నలుగురైదుగురు నవ్వారు. గదిలో ఒకే ఒక్క నల్లజాతి సహోదరి ఉంది. నేను నవ్వలేదు, కానీ ఏమీ అనలేదు కూడా. ఇది తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ మధ్య పాత సంగతి, నాకు సంబంధం లేదు, నేను కొత్తవాణ్ణి అనుకున్నాను. అయిపోయాక ఆమె పార్కింగ్ దగ్గర నా కోసం ఆగింది. కోపంగా లేదు. "మీరు అక్కడే ఉన్నారు కదా" అంది, అంతే, కారెక్కి వెళ్లిపోయింది. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. తర్వాత కొన్ని నెలలకు ఆమె వెళ్లే కొత్త సంఘానికి నేను వెళ్లాను, క్షమించమని అడిగాను, చివరికి అక్కడే పదకొండేళ్లు ఉండిపోయాను. మనలాంటివాళ్లకు ఈ విషయంలో ఒక ప్రమాదం ఉంది బ్రదర్, మనం అటూ కాదు ఇటూ కాదు అనుకుని సౌకర్యంగా కూర్చోవచ్చు. అంతియొకయలో బర్నబా కూడా కుప్ర ద్వీపానికి (సైప్రస్‌కు) చెందినవాడు, బయటి నుంచి వచ్చినవాడే, ఆయన లేచిపోవడమే పౌలును ఎక్కువ బాధపెట్టినట్టు ఆ వచనం చదివితే నాకనిపిస్తుంది.

రెండో ప్రశ్న నిరీక్షణ గురించి. ఇక్కడ మన తెలుగు బైబిలు మాటలోనే ఒక చిక్కు ఉంది. మామూలు తెలుగులో నిరీక్షణ అంటే ఎదురుచూడటం. బస్సు కోసం నిరీక్షణ, ఫలితాల కోసం నిరీక్షణ. అందుకే మనలో చాలామందికి తెలియకుండానే క్రైస్తవ నిరీక్షణ అంటే చేతులు కట్టుకుని ప్రభువు రాకడ దాకా కూర్చోవడం అన్నట్టు అయిపోయింది. కానీ రోమా 8లో పౌలు, చూడనిదాని కోసం నిరీక్షిస్తే "ఓపికతో దానికొరకు కనిపెట్టుదుము" అంటాడు. కనిపెట్టుకుని ఉండటం అనే మాట నాకు చాలా ఇష్టం. కావలివాడు కనిపెట్టుకుని ఉంటాడు, రోగి పక్కన తల్లి కనిపెట్టుకుని ఉంటుంది. అది నిద్ర కాదు, మెలకువ.

ఆ తేడా నేను నల్లజాతి సంఘంలో నేర్చుకున్నాను. డిసెంబర్ 31 రాత్రి వాచ్ నైట్ ఆరాధన మనకూ ఉంది, పాత సంవత్సరానికి స్తోత్రం చెప్పి కొత్త సంవత్సరపు వాగ్దానం తీసుకుంటాం. అక్కడ ఆ రాత్రికి ఇంకో జ్ఞాపకం ఉంది. 1862 డిసెంబర్ 31 రాత్రి నల్లవాళ్లు, బానిసలు, స్వతంత్రులు, చర్చిల్లోనూ ఇళ్లలోనూ చేరి తెల్లవార్లూ ప్రార్థనలో ఉన్నారు, ఎందుకంటే మర్నాడు జనవరి 1న అధ్యక్షుడు లింకన్ బానిసల విమోచన ప్రకటన మీద సంతకం పెడతాడని కబురు ఉంది. పెడతాడో పెట్టడో తెలియదు. బానిసత్వం నుంచి తప్పించుకుని దానిపై పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్ లాంటివాడే జనవరి 1న బోస్టన్‌లో జనంతో కలిసి రాత్రి పొద్దుపోయేదాకా టెలిగ్రాఫ్ కబురు కోసం కాచుకుని ఉన్నాడు. ఆ ప్రకటన కూడా తిరుగుబాటు చేసిన రాష్ట్రాలకే వర్తించింది, బానిసత్వం దేశమంతటా చట్టప్రకారం పోయింది 1865 డిసెంబర్‌లో, 13వ రాజ్యాంగ సవరణతో. మా సంఘంలో ఒక పెద్దావిడ ప్రతి ఏడూ ఆ రాత్రి ఒకటే ప్రార్థన చేసేది, సగం ఇచ్చినందుకు స్తోత్రం, మిగతా సగం కోసం మేం లేచే ఉన్నాం ప్రభువా అని.

ఆ నిరీక్షణ చేతల్లో ఎలా ఉంటుందో చూడాలంటే అలబామా రాష్ట్రంలోని మాంట్‌గొమరీ చూడండి. 1955 డిసెంబర్ 1న రోజా పార్క్స్ అనే నల్లజాతి స్త్రీ బస్సులో తెల్లవాళ్ల కోసం సీటు వదలలేదు, ఆమెను అరెస్టు చేశారు, అది అందరికీ తెలుసు. ఆ రాత్రే జో ఆన్ రాబిన్సన్ అనే కాలేజీ టీచర్ ఇద్దరు విద్యార్థుల సాయంతో తెల్లవారేలోపు బస్సులెక్కవద్దని వేల కరపత్రాలు అచ్చువేసింది, ఇది తక్కువమందికి తెలుసు. డిసెంబర్ 5న మొదలైన బస్సుల బహిష్కారం 381 రోజులు నడిచింది. అన్ని రోజులు జనం పనులకు ఎలా వెళ్లారు? నడిచారు. మిగతావాళ్ల కోసం కార్లు తిప్పారు, ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ దిగాలి, ఎన్నింటికి అని పక్కాగా ఏర్పాటు చేశారు. చర్చిలు పెద్ద కార్లు కొని వాటి మీద సంఘం పేరు రాయించుకుని తిప్పాయి. ఎదిరించేవాళ్లు ఆ కార్లకు ఇన్సూరెన్సు రద్దు చేయించారు, వీళ్లు లండన్‌లో లాయిడ్స్ దాకా పోయి ఇన్సూరెన్సు తెచ్చుకున్నారు. 1956 జనవరి 30న ఆ బహిష్కారానికి నాయకుడైన పాస్టర్ మార్టిన్ లూథర్ కింగ్ ఇంటి మీద బాంబు వేశారు, లోపల భార్య, పసిబిడ్డ ఉన్నారు, దేవుని దయవల్ల ఏమీ కాలేదు. వారానికి రెండుసార్లు చర్చిలో కూడుకుని పాటలు పాడి, వాక్యం విని, మర్నాటి కార్ల లెక్క చూసుకునేవాళ్లు. నడవలేకపోతే కారెక్కమని ఒక వృద్ధురాలికి చెబితే, నా పాదాలు అలసిపోయాయి కానీ నా ఆత్మకు విశ్రాంతిగా ఉంది అందట. ప్రార్థన ఒకటి, పని ఒకటి అని వాళ్లు విడదీసుకోలేదు. నిరీక్షణను గురించి నన్నెవరైనా అడిగితే నేను ఆ కార్ల టైమింగ్స్ గురించే చెప్తాను.

"ఆగండి" అన్నవాళ్లు అప్పుడూ ఉన్నారు. 1963 ఏప్రిల్‌లో బర్మింగ్‌హామ్‌లో ఎనిమిదిమంది తెల్ల మతపెద్దలు, జాతివివక్షకు వ్యతిరేకంగా అక్కడ కింగ్, నల్లవాళ్లు చేస్తున్న ఈ ప్రదర్శనలు తొందరపాటు, ఓపిక పట్టండి, కోర్టుల్లో చూసుకోండి అని ప్రకటన ఇచ్చారు. వాళ్లు ద్వేషించేవాళ్లు కారు, మితవాదులు, మంచివాళ్లుగా పేరున్నవాళ్లు. గుడ్ ఫ్రైడే రోజున అరెస్టయిన కింగ్ జైల్లో న్యూస్‌పేపర్ అంచుల మీద జవాబు రాయడం మొదలుపెట్టాడు. ఆగండి అనే మాటకు మా అనుభవంలో దాదాపు ఎప్పుడూ ఎన్నటికీ వద్దు అనే అర్థమే వచ్చింది అన్నాడు. ద్వేషించేవాడి కంటే, న్యాయం కన్నా ప్రశాంతతను ఎక్కువ కోరుకునే మంచివాడే పెద్ద అడ్డంకి అని కూడా రాశాడు. మీ పాస్టర్ గారితో మాట్లాడేముందు ఆ ఉత్తరం ఒకసారి చదవండి, ఆయన మీద విసరడానికి కాదు, మీకోసం.

అయితే ఈ కథ గెలుపుల వరసగా చెప్పడం నాకిష్టం లేదు. అదే ఏడాది సెప్టెంబర్ 15, ఆదివారం ఉదయం, అదే బర్మింగ్‌హామ్‌లో నల్లవాళ్ల 16వ వీధి బాప్టిస్టు చర్చిలో బాంబు పేలి నలుగురు ఆడపిల్లలు చనిపోయారు, ముగ్గురికి 14 ఏళ్లు, ఒకరికి 11. ఆరాధనకు తయారవుతున్న పిల్లలు. నేరస్థుల్లో ఒకడికి 1977లో శిక్ష పడింది, ఇంకొకడికి 2001లో, మూడోవాడికి 2002లో. నాలుగోవాడు విచారణకు రాకుండానే చనిపోయాడు. 39 ఏళ్లు. ఆ తల్లిదండ్రుల ముందు నిలబడి అంతా మేలు కోసమే అని చెప్పగలిగే ధైర్యం నాకు లేదు, అలా చెప్పడం నిరీక్షణ అని కూడా నేననుకోను. విలాప కీర్తనలు బైబిల్లో అందుకే ఉన్నాయి, ఎంతవరకు ప్రభువా అని అడగడం విశ్వాసంలోని భాగమే. రోమా 5లో నిరీక్షణ మొదట రాదు గమనించండి, శ్రమ, దాని తర్వాత ఓర్పు, దాని తర్వాత పరీక్ష, అప్పుడు నిరీక్షణ. కష్టం పడనివాడు పడినవాడికి నిరీక్షణ గురించి పాఠం చెప్పడం అందుకే చేదుగా ఉంటుంది. క్షమాపణ కూడా అంతే. 2015లో చార్ల్స్‌టన్‌లో నల్లవాళ్ల ఇమ్మానుయేలు చర్చిలో బైబిల్ స్టడీకి కూర్చున్న తొమ్మిదిమందిని కాల్చి చంపినవాణ్ణి, రెండు రోజులకే కోర్టులో కొందరు కుటుంబసభ్యులు క్షమించామన్నారు. అది పరిశుద్ధమైన సంగతి. కానీ ఆ మాటను తీసుకుని మిగతా నల్లవాళ్లందరితో చూశారా మీరూ అలా ఉండాలి అనేవాళ్లను నేను విన్నాను. ఆ క్షమాపణ వాళ్లు ఇచ్చుకున్నది, మనం వసూలు చేసేది కాదు.

వందల ఏళ్లుగా మారలేదు కదా అన్నారు. మారింది కూడా ఉంది, అదీ చర్చిలోనుంచే వచ్చింది. కొందరి బలహీనత అన్న ఆ డచ్ రిఫార్మ్‌డ్ కుటుంబంలోనే, 1881లో వేరు చేయబడిన ఆ చర్చి, వందేళ్ల తర్వాత 1982లో కేప్‌టౌన్ దగ్గర బెల్హార్‌లో ఒక విశ్వాస ప్రమాణం రాసి, 1986లో ఆమోదించింది. దేవుడు అన్యాయానికి గురైనవాళ్ల పక్షాన నిలబడతాడు, ఆయన నిలబడ్డ చోటే సంఘం నిలబడాలి అని అందులో ఉంది. తెల్లవాళ్ల నుంచి బేయెర్స్ నాడే అనే పాస్టర్, మంచి పదవి, పెద్ద సంఘం, తండ్రి నుంచి వచ్చిన పేరు అన్నీ ఉన్నవాడు, 1963లో సంఘాన్ని వదిలి నల్లవాళ్లతో నిలబడ్డాడు. సొంతవాళ్లే వెలివేశారు, 1977 నుంచి ఏడేళ్లు ప్రభుత్వం నిషేధాజ్ఞ పెట్టి, ఒకసారి ఒక్కరికి మించి కలవకుండా చేసింది. 1960లో షార్ప్‌విల్‌లో పోలీసులు 69 మందిని కాల్చి చంపాకే ఆయన కళ్లు పూర్తిగా తెరుచుకున్నాయి, అప్పటికి ఆయనకు 44 ఏళ్లు. ఆలస్యమే, కానీ తెరుచుకున్నాయి.

ఇప్పుడు మీరేం చేయాలి అన్నది. వేరే సంఘానికి వెళ్లిపోవాలా అని కూడా చివర్లో అడిగారు. ఇప్పుడే వద్దు. ముందు పాస్టర్ గారితో ఒక గంట సమయం అడగండి, ఒంటరిగా కాకుండా మీలాగే ఆలోచించే ఒకరిని వెంట తీసుకెళ్లండి. గలతీయులు రెండో అధ్యాయం కలిసి చదువుదామని అడగండి, వాదన పెట్టుకోకండి. ఒకే ఒక్క విషయం కోరండి, వచ్చే ఆదివారం ఆ కుటుంబం పేరెత్తి (వాళ్లకు ఇష్టమైతేనే) సంఘంగా ప్రార్థించమని, ఆ రోజు మౌనంగా ఉన్నందుకు వాళ్లను క్షమాపణ అడగమని. ఆయన ఒప్పుకుంటే అక్కడి నుంచి ముందుకు వెళ్లొచ్చు, పిల్లాడికి లాయరు కావాలేమో, కౌన్సెలింగ్ కావాలేమో, ఊళ్లో పోలీసుల మీద ఫిర్యాదు ఎక్కడ పెట్టాలో, ఇవన్నీ సంఘం చేయగలిగిన పనులే. ఒప్పుకోకపోతే అప్పుడు మళ్లీ రాయండి, మాట్లాడుకుందాం.

కానీ ఇదంతా రెండోది. మీ పోస్టు మొత్తంలో పాస్టర్ గారు ఏమన్నారో ఉంది, సంఘం ఎలా ఉందో ఉంది, మీకెంత బాధగా ఉందో ఉంది. ఆ సహోదరుడికి మీరు ఫోన్ చేశారని మాత్రం ఎక్కడా లేదు. మూడు వారాలైంది. ఈ రోజే చేయండి, పాస్టర్ గారి దగ్గరికి వెళ్లడానికి ముందే చేయండి. సంఘం తరఫున ఏమీ వివరించకండి, ధైర్యం చెప్పకండి. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను, మాట్లాడలేదు, నన్ను క్షమించండి అని చెప్పి, పిల్లాడు ఎలా ఉన్నాడని అడగండి. ఆయన మాట్లాడటానికి ఇష్టపడకపోతే సరేనని పెట్టేసి, వచ్చే వారం మళ్లీ చేయండి.